తెచ్చినవారి పేరు

బోరబండ, హైదరాబాదు
5 ఆగస్టు 1998

పుణ్యవతి అత్తయ్యకి నమస్కారాలు.

నేను క్షేమం. నా ఉద్యోగమే క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాదాపూర్లో బడిపిల్లల కోసం సీడీలు చేసే కంపెనీలో చేరానని చెప్పాను కదా. జువాలజీ ఎమ్మెస్సీ అని చూసి తీసుకుని, "మన పక్షులు" అనే సీడీ నా నెత్తిన పెట్టారు. నలభై పక్షులు. ఒక్కోదానికి బొమ్మ, పది వాక్యాలు, బొత్తాం నొక్కితే కూత. బొమ్మలయ్యాయి, వాక్యాలయ్యాయి, కూతలే లేవు. మా ప్రాజెక్టు లీడర్ తేజ ఇంటర్‌నెట్‌లోంచి కొన్ని దింపాడు. గుడ్లగూబ అన్నాడు. వింటే ఏదో మంచు దేశపు గుడ్లగూబ. మన ఊళ్ళో ఏ చెట్టు మీదా అలా కూయగా వినలేదు. "పిల్లలకేం తెలుస్తుంది వాసంతీ, అడ్జస్ట్ అయిపోదాం" అంటాడు. ఈ మాట రోజుకి పదిసార్లు అంటాడు.

పోనీ మనమే పట్టుకుందామని పోయిన ఆదివారం పొద్దున్నే రికార్డరు పట్టుకుని ఆఫీసు వెనక గుట్టల్లోకి వెళ్ళాను. గంట తిరిగితే ఒక తీతువు కనిపించింది. అది నోరు తెరిచిందో లేదో పక్కన బండ పేల్చారు. ఆ పొగ తగ్గేలోపు కంకర లారీలు మొదలయ్యాయి. ఇక్కడ సైబర్ టవర్సని ఒకటి గుండ్రంగా లేపుతున్నారు. దాని పుణ్యమా అని ఏ పిట్టా ఒక్క కూత పూర్తిగా కూయట్లేదు. టేపు వింటే లారీ మధ్యలో తీతువు ఒక్కసారి వినిపిస్తుంది, అదీ మమ్మల్ని తిట్టినట్టుగా.

మీ దగ్గర ఇరవై ఏళ్ళ క్యాసెట్లున్నాయి. కోరుకొండ మెట్టలు, రంపచోడవరం అడవులు తిరిగి మీరు పట్టినవి. పంపిస్తారా? అక్టోబరు ఆఖరుకి నలభై కూతలూ ఇవ్వకపోతే నన్ను ఖాయం చేయరు. తెర మీద "కూతల సేకరణ: పుణ్యవతి" అని పెద్ద అక్షరాల్లో వేయిస్తాను, నా పూచీ.

ఇంకో సంగతి. పక్షుల చుట్టాలు ఎవరో పిల్లలకి తెలియాలని ఈ సీడీలో పాము, బల్లి, మొసలి లాంటివీ కొన్ని చేర్చాను. పక్షుల్ని విడిగా పెట్టకుండా సరీసృపాల కొమ్మలో ఒక రెమ్మగా పెట్టాను. ఇప్పుడు శాస్త్రం అటే పోతోంది. మీకు నచ్చుతుందనుకుంటా.

మీ మేనకోడలు
వాసంతి


రాజమండ్రి
13 ఆగస్టు 1998

చి. వాసంతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం సగం చదివి పాలు పొయ్యి మీద పెట్టాను. మిగతా సగం చదివేసరికి పాలన్నీ పొయ్యిలో పోయాయి. పక్షుల్ని సరీసృపాల్లో పెట్టావా? పైగా నాకు నచ్చుతుందా?

చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు. ఐదు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాశాను. నీ చేతా రాయించాను. ఇవాళ నువ్వు మాదాపూర్లో కూర్చుని ఐదుని నాలుగు చేశావు. దసరా నాడు జనం ఊరి బయటికి పోయి మరీ దణ్ణం పెట్టుకునే పాలపిట్టని పట్టుకెళ్ళి పాములబుట్టలో వేశావు. చుట్టరికం ఉందని నాకు తెలియదనుకున్నావా? "పక్షులకు సరీసృపాలతో గల సంబంధమును చర్చింపుము" అని ఏటా పది మార్కులకి ఇచ్చిన మనిషిని నేనే. కాలి మీద పొలుసులు, పెంకు గుడ్డు, అన్నీ ఒప్పుకుంటాను. చుట్టమని చెప్పి అందరినీ ఒకే రేషన్ కార్డులో రాస్తారుటే?

క్యాసెట్ల సంగతి. నిజం చెప్తాను, నీ ఉత్తరంలో నా పేరు పెద్ద అక్షరాల్లో అన్న చోట రెండుసార్లు చదువుకున్నాను. నాకు డాక్టరేట్ లేదు. నా పేరున ఒక పుస్తకం లేదు. పోయినేడు రిటైరైన రోజున శాలువా, గోడ గడియారం ఇచ్చి పంపారు, ఆ గడియారం నడవదు. నాకంటూ ఉన్నవి ఆ క్యాసెట్లే. నాలుగు బళ్ళలో పిల్లలు నా పేరు చూసి ఆ కూతలు వింటారంటే నాకు ఆశగానే ఉంది, దాచుకోవడం దేనికి.

కాని షరతులు రెండు. పక్షులు విడిగా ఉండాలి. రెండోది, నా ల్యాబులో సీసాలు గుర్తున్నాయా? ప్రతి సీసా మీద చీటీ: పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవారు. తెచ్చినవారి పేరు లేని సీసాని నా అలమరలో ఉండనిచ్చేదాన్ని కాదు. నీ సీడీలో ప్రతి కూతకీ అలాంటి చీటీ ఉండాలి.

మా ల్యాబు అటెండరు ఓబులేసు కనిపించాడు. నీ చిన్నప్పుడు చేతిలో తొండని పెట్టి ఏడిపించాడే, అతనే. నువ్వు కంప్యూటర్లో పిట్టల్ని పెడుతున్నావంటే నవ్వాడు.

మీ అత్తయ్య
పుణ్యవతి


బోరబండ
24 ఆగస్టు 1998

అత్తయ్యా,

మీ పాలు పొంగినందుకు నన్నేం చెయ్యమంటారు? మొసలికి ఇవాళ బతికున్నవాటిలో అందరికన్నా దగ్గరి చుట్టం ఎవరు? బల్లి కాదు, పాము కాదు, మీ కిటికీలో వాలే కాకి. మొసలి పిల్లలు గుడ్డులో ఉండగానే తల్లిని పిలుస్తాయి, కోడిపిల్లల్లాగే. చైనాలో ఈకలున్న రాక్షసబల్లి శిలాజాలు దొరికాయని మీరే పేపరు ముక్క కత్తిరించి పంపారు. మరి మొసలిని ఇంట్లో ఉంచి కాకిని వీధిలో నిలబెడితే అది ఏం న్యాయం? ఎలా కనిపిస్తుందన్నది కాదు అత్తయ్యా, ఎవరి నుంచి వచ్చిందన్నది చూడాలి. అంతే నా వాదన.

అలాగని నేనేమీ గెలిచి కూర్చోలేదు. పోయిన వారం పరువు పోయింది. మా ప్రోగ్రామర్ లోహిత్ నేనిచ్చిన వరస చూసి, ఒకే కొమ్మ కదా అని, సరీసృపాలన్నిటికీ కూత బొత్తాం పెట్టేశాడు. కూతలు లేనిచోట, ఏదో ఒకటి ఉండాలని, మా దగ్గరున్న ఒక్క కోయిల కూతనే అన్నిటికీ తగిలించాడు. పెద్ద ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒకాయన బళ్ళ తరఫున చూడ్డానికి వచ్చాడు. సరిగ్గా నాగుపాము మీదే నొక్కాడు. పడగ విప్పి "కూ... కూ..." అంది. ఆయన నా వైపు చూశాడు. తేజ నా వైపు చూశాడు. లోహిత్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అప్పటి నుంచి ఆఫీసులో నన్ను "కోయిల పాము" అంటున్నారు.

రాజీకి వస్తున్నాను. మొదటి తెర మీద పక్షులకి విడిగా తలుపు పెడతాను. వంశవృక్షం అని లోపల ఒక పేజీ ఉంటుంది, అక్కడ మాత్రం పక్షులు సరీసృపాల కొమ్మ మీదే ఉంటాయి. అది తీసేయమంటే నేనే మానేస్తాను. చీటీల షరతు పూర్తిగా ఒప్పుకున్నాను, అది మంచి పద్ధతి.

క్యాసెట్లు పంపండి. రోజులు పోతున్నాయి.

వాసంతి


రాజమండ్రి
7 సెప్టెంబరు 1998

చి. వాసంతికి,

నాగుపాము కూసిందన్న చోట నవ్వలేదని అబద్ధం చెప్పను. నవ్వాక మళ్ళీ కోపం వచ్చింది. వంశవృక్షం పేజీ ఎవరూ తెరవరులే అనుకుని ఒప్పుకుంటున్నాను.

నా శిష్యురాలు ఉమాశ్రీ గౌతమిలో వస్తోంది. మూడు బిస్కెట్ డబ్బాల్లో నలభై క్యాసెట్లు పంపుతున్నాను. స్టేషనుకి నువ్వే వెళ్ళు, ఆటోవాడి చేతికి ఇవ్వకు. ఎండలో పెట్టకు. ఆ తేజ చేతికి అసలు ఇవ్వకు. డబ్బాలో కర్పూరం వేశాను, తీసేయకు. చీటీలు నేనే రాశాను, అన్నిటి మీదా తెచ్చినవారు పుణ్యవతి అని ఉంది, అలాగే ఎక్కించు.

రెండో డబ్బాలో పదకొండు నుంచి పదిహేడు దాకా ఉన్నాయి చూడు, కౌజు పిట్ట, పూరేడు వగైరా. అవి ఎవరి దగ్గరా దొరకనంత బాగుంటాయి. వాటిని శుభ్రం చేస్తామంటూ మీ కంప్యూటర్లో పెట్టి కెలక్కండి. మొదటి రెండు నిమిషాలు చాలు. మిగతాది వినక్కర్లేదు.

అందాక ఆరోగ్యం చూసుకో. బోరబండలో నీళ్ళు కాచుకుని తాగు.

అత్తయ్య


బోరబండ
27 సెప్టెంబరు 1998

అత్తయ్యా,

ఒక్క ప్రశ్న అడుగుతాను. కోపం తెచ్చుకోకుండా చెప్పండి.

నిన్న శనివారం, ఆఫీసులో ఎవరూ లేరు. పద్నాలుగో క్యాసెట్, కౌజు పిట్ట, స్పీకర్లలో పెట్టుకుని వింటున్నాను. మా సెక్యూరిటీ యాదయ్య టీ తెచ్చి అక్కడే నిలబడిపోయాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. కాసేపు విని, "అమ్మా, గిది పిట్ట గాదు" అన్నాడు.

"మరి?"

"మనిషి."

నేను నవ్వాను. మా అత్తయ్య ఇరవై ఏళ్ళ క్రితం అడవిలో పట్టిన కూత అని గొప్పగా చెప్పాను. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మాది మెదక్ దిక్కమ్మా. మా నాయినతోని కౌజుల వేటకు పోతుంటి. పిట్ట తనంతట తాను కూస్తె మెల్లగ ఎత్తుకుంటది, ఎనుక జోరు జేస్తది. గీయన మొదటి నుంచే జోరు మీదున్నడు. ఇగ జర ఇను. రెండుమాట్ల పిలిచిండు, ఆగిండు. మల్ల పిలిచిండు, ఆగిండు. ఎందుకాగుతుండు? జవాబు కోసం. పిట్టకేం ఫికరుంటదమ్మా, జవాబొచ్చినా రాకున్నా కూస్తనే ఉంటది. గట్ల ఆగేది మనిషే."

అని అక్కడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి కూసి చూపించాడు. అత్తయ్యా, అది మీ పద్నాలుగో క్యాసెట్టే.

అతను వెళ్ళాక కెలకొద్దన్న పనే చేశాను. చప్పుడు పెంచి విన్నాను. కూతకీ కూతకీ మధ్య గట్టిగా గాలి పీల్చుకున్న శబ్దం ఉంది. పక్షి కూత గొంతులో పుట్టదు, శ్వాసనాళం రెండుగా చీలే చోట, శబ్దినిలో పుడుతుంది, ఊపిరి కోసం మనలా రొప్పదు అని చెప్పింది మీరే. ఆ పాఠానికి నాకు తొమ్మిదిన్నర మార్కులు కూడా వేశారు.

ఏమిటిది?

వాసంతి


రాజమండ్రి
5 అక్టోబరు 1998

వాసంతికి,

గేటు దగ్గర కూర్చునేవాడి మాట పట్టుకుని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని అడుగుతున్నావు. బాగుంది. పాత టేపులో సవాలక్ష చప్పుళ్ళుంటాయి. గాలి, ఆకులు, టేపు అరుగుదల.

అంత అనుమానమైతే డబ్బాలు తిప్పి పంపు. నీ సీడీ లేకపోయినా నా పక్షులు బతుకుతాయి.

పుణ్యవతి


బోరబండ
14 అక్టోబరు 1998

అత్తయ్యా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. నేను దొంగ అనలేదు కూడా. ఏమిటిది అని మాత్రమే అడిగాను.

మొదటి రెండు నిమిషాలు చాలన్నారు కదా. మిగతాది విన్నాను. పద్నాలుగో క్యాసెట్ పదకొండో నిమిషంలో కూత ఆగి, దగ్గు వినిపించి, ఆ తర్వాత ఒక మగగొంతు: "అమ్మా, ఇంగోసారి పిల్చాల్నా? గొంతెండిపోతాండాది." తర్వాత మీ గొంతు: "ఇంకొక్కసారి ఓబులేసూ, ఇందాకటి కంటే బాగా." ఇది గాలా, ఆకులా, టేపు అరుగుదలా?

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. మీ వల్లే నేను జువాలజీ చదివాను. చీటీలో తేదీ తప్పు పడిందని పదో తరగతి పిల్లనని కూడా చూడకుండా నా చేత ఆ సీసా చీటీ నాలుగుసార్లు రాయించారు. ఇప్పుడు నేను ఏ మొహంతో ఆ చీటీ తెర మీదికి ఎక్కించను? నేను ఎక్కించకపోతే నా ఉద్యోగం పోతుంది. ఎక్కిస్తే, యాదయ్యలాంటి వాడు ఇంకొకడు ఎక్కడో ఒక బడిలో గేటు దగ్గర కూర్చునే ఉంటాడు. తేజకి చెప్పాను. "సౌండ్ బానే ఉంది కదా, ఎవరు కూస్తే ఏంటి, అడ్జస్ట్ అయిపో" అన్నాడు. తేజ అలా అన్నందుకు నాకు బాధ లేదు. మీరు కూడా ఇరవై ఏళ్ళుగా అదే అంటూ వచ్చారని తెలిసి బాధ.

ఈ కవరులో ఏడు ఖాళీ చీటీలు పెడుతున్నాను. పేరు, దొరికిన చోటు, తేదీ నేనే రాశాను. తెచ్చినవారు దగ్గర ఖాళీ ఉంచాను. మీ చేత్తో నింపి పంపండి. ఏం రాసినా, రాసింది రాసినట్టు ఎక్కిస్తాను. గడువు పదిహేను రోజులే ఉంది.

వాసంతి


రాజమండ్రి
24 అక్టోబరు 1998

చి. వాసంతికి,

నీ ఉత్తరం నాలుగు రోజులు బీరువాలో పెట్టాను. అయిదో రోజు ఆ బీరువా తెరవాలంటేనే చిరాకేసింది. నీ మీద కాదు.

1979, మాఘమాసం. కోరుకొండ మెట్టల్లో మూడు పొద్దులు కూర్చున్నాం, నేనూ ఓబులేసూ. అతనిది కడప వైపు. పిట్టలకి ఉచ్చులు పన్నే ఇంట్లో పుట్టాడు, కాలేజీకి కప్పలూ తొండలూ పట్టిస్తూ అటెండరయ్యాడు. కౌజులు దూరంగా కూస్తున్నాయి, నా నాసిరకం మైకులో పడట్లేదు. "పిల్చి దగ్గరికి రప్పిస్తానమ్మా" అని పిలిచాడు. పిట్ట వచ్చింది, మమ్మల్ని చూసి కిమ్మనకుండా పోయింది. ఇంటికొచ్చి వింటే టేపు నిండా ఓబులేసే. అసలు పిట్టకంటే బాగున్నాడు.

చెరిపేద్దామనే అనుకున్నాను. ఆ నెలలోనే రేడియో వాళ్ళు పక్షుల గురించి మాట్లాడమన్నారు, ఏదన్నా కూత వినిపించమన్నారు. నా దగ్గర శుభ్రంగా ఉన్నది అదొక్కటే. వినిపించాను. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చాయి. కాలేజీలో సభ పెట్టారు. నీ పేరు చెప్తానని ముందు రోజు ఓబులేసుతో అన్నాను. అతను తెల్ల చొక్కా వేసుకుని వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మైకు ముందుకి వెళ్ళాను. "ఎంత ఓపికండీ ఈవిడకి" అని అప్పుడే ఎవరో అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పలేదు. ఒకసారి చెప్పకపోయాక ఇక రెండోసారి చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఇంకో ఆరు కూతలు అతని చేతే కూయించాను, ఈసారి బుద్ధిపూర్వకంగానే.

నా ల్యాబులో పాముల సీసాలన్నిటి మీదా తెచ్చినవారు ఓబులేసు అని నా చేత్తోనే రాశాను. పక్షుల దగ్గరికొచ్చేసరికి నా పేరు రాసుకున్నాను. ఒకసారి అతనే అన్నాడు, "పాముల కాడ నా పేరుండాది గదమ్మా, సాల్లే" అని. దెప్పాడో, ఓదార్చాడో ఈనాటికీ తెలియదు. పక్షులు వేరు, పాములు వేరు అని నీ మీద అంత ఎగిరాను కదా. ఎవరి నుంచి వచ్చిందో చూడాలని నువ్వు రాసినప్పుడు నాకు కాలింది మొసలి గురించి కాదు.

ఏడు చీటీలూ నింపాను. ఓబులేసు. ఓబులేసు. ఏడు సార్లు రాశాను, అక్షరాలు బాగా లేవు, సర్దుకో. నా పేరు మొత్తం తీసేసినా నేనేమీ అనను. కాని మిగతా ముప్పై మూడూ పక్షులే. మైకు ముందు నేను కూర్చుని, నా చెవులతో విని పట్టినవి. ఆ మాట మాత్రం నమ్ము.

యాదయ్య గారిని గేటు దగ్గర మనిషి అన్నాను. తప్పు. చెప్పు అతనికి.

అత్తయ్య


బోరబండ
30 నవంబరు 1998

ప్రియమైన అత్తయ్యకి,

సీడీ అయింది. వెయ్యి కాపీలు అచ్చయ్యాయి. ఒకటి ఈ పొట్లంలో ఉంది.

అంత తేలిగ్గా కాలేదు. ముప్పై మూడు పక్షులకి మీ చీటీలు ఉన్నట్టే ఉంచాను. ఏడింటిని "మనిషి పిలుపులు" అని విడి పేజీలో పెట్టాను. దాని మీద ఓబులేసు గారి పేరుంది, అవి ఎలా తయారయ్యాయో రెండు వాక్యాలున్నాయి. తేజ గంటన్నర వాదించాడు. "పక్షుల సీడీలో మనిషేంటి? రేపు వంశవృక్షంలో కూడా వేస్తావా?" అన్నాడు. వేశాను. క్షీరదాల కొమ్మ ఒకటి గీసి చివర మనిషి బొమ్మ పెట్టాను. ఎవరి నుంచి వచ్చిందో అక్కడే పెట్టాలి కదా. ఉద్యోగం ఖాయం చేశారు, గొణుక్కుంటూ. లోహిత్ ఇంకా కోయిల పాము అనే పిలుస్తున్నాడు.

మీ క్షమాపణ యాదయ్యకి చెప్పాను. "అయ్యో, దానికెందుకమ్మా పరేషాను" అని, పోయిన ఆదివారం నన్ను కొత్తగూడ అవతల గుట్టల్లోకి తీసుకెళ్ళాడు. ఆదివారం కాబట్టి బండలు పేల్చడం లేదు. ఒక రాతి మీద టేపురికార్డరు పెట్టి పద్నాలుగో క్యాసెట్ వేశాం. ఓబులేసు గారు రెండుసార్లు పిలిచి ఆగారు. మళ్ళీ రెండుసార్లు పిలిచి ఆగారు. మూడోసారి ఆగినప్పుడు ఎదర తుప్పల్లోంచి జవాబు వచ్చింది. తర్వాత కౌజు పుంజు ఒకటి బయటికొచ్చి, నా చోట్లోకి వచ్చిందెవరని దెబ్బలాడ్డానికి టేపురికార్డరు చుట్టూ మూడు చుట్లు తిరిగింది. యాదయ్య నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను ఏడ్చాను, ఎందుకో అడగకండి.

ఓబులేసు గారికి చూపించండి. ఉమాశ్రీ కంప్యూటర్ సెంటర్ పెట్టింది కదా, అక్కడికి తీసుకెళ్ళండి. మీరే తీసుకెళ్ళాలి, ఎవరి చేతనో పంపొద్దు.

వాసంతి


రాజమండ్రి
20 డిసెంబరు 1998

చి. వాసంతికి,

నీ సీడీ, నీ కంపెనీ, నీ వెయ్యి కాపీలు! ఏం చెప్పను, ఎక్కడి నుంచి మొదలుపెట్టను!

తీసుకెళ్ళాను. తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా చూడగానే ఆనాటి సభ గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. అయినా ఉమాశ్రీ ముందే చెప్పాను, ఓబులేసూ, నేను తప్పు చేశాను, ఇరవై ఏళ్ళు నీ గొంతుని నా పేరున వాడుకున్నాను అని. అతను తల ఊపి, "పోనీలేమ్మా, పిట్టలు కంప్యూటర్లో ఎట్ల కూస్తాయో సూద్దాం" అన్నాడు. ఏడు పిలుపులూ విన్నాడు. పద్నాలుగో దాంట్లో తన దగ్గు ఎందుకు తీసేశారని అడిగాడు. తర్వాత పక్షుల పేజీ పెట్టించుకున్నాడు.

జెముడుకాకి విన్నాడు. "ఇది గూడా నేనే గదమ్మా" అన్నాడు.

కాదు ఓబులేసూ, అది పక్షి అన్నాను. నవ్వి, ఇంకోటి నొక్కమన్నాడు. అడవి గువ్వ వచ్చింది. "ఇదీ నేనే." గుడ్లగూబ. "ఇది సెంగల్రాయుడి తోటలో, మీకు జరమొచ్చిన నాడు." అలా వేళ్ళ మీద లెక్కపెట్టాడు వాసంతీ. తొమ్మిది! నా చెవులతో విన్నానని నీకు నమ్మబలికిన ముప్పై మూడులో తొమ్మిది! నేను ఇటు మైకు ముందు కూర్చుని, పిట్టల్ని ఇటు తోలు అని అతన్ని పొద అవతలికి పంపేదాన్ని. పొదలోంచి కూత వచ్చేది. నేను మురిసిపోయేదాన్ని.

ఎందుకు చెప్పలేదు అని అరిచాను. కంప్యూటర్లు నేర్చుకుంటున్న వాళ్ళంతా తిరిగి చూశారు. అతను ఏమన్నాడో విను. "మీరు పొద్దన్నుంచి ఎండలో కూకోనుంటిరి. పిట్ట రాకపాయె. మీ మొగం జూడలేక పిలిస్తి. పిలిస్తే మీరెంత సంతోసపడితిరనీ! ఇంగ ఎట్ల చెప్పేది?" తెలిసి చేసిన ఏడింటికే నేను సిగ్గుపడుతున్నాను, తెలియకుండా నా కోసం అతను చేసినవి తొమ్మిది ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. అతని మీదా, నా చెవుల మీదా, శబ్దిని పాఠం మీదా. ఆ మంట చల్లారేసరికి ఏడుస్తున్నానని ఉమాశ్రీ చెప్తే తెలిసింది.

మిగతావన్నీ పిట్టలేనా, నిజం చెప్పు అన్నాను. "పిట్టలేనమ్మా. ఆ పసుప్పచ్చ వంగపండు పిట్ట కూతయితే నాకు రానే రాదు, ఎన్నోసార్లు సూసినా" అన్నాడు.

నా లెక్క తప్పింది, నీ వెయ్యి కాపీలూ తప్పు. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు సరిచెయ్యి, తేజ అడ్జస్ట్ అవమంటే అవకు. పక్షుల్ని పాముల కొమ్మ మీద పెడతావో, మొసలి వీపున ఎక్కిస్తావో నీ ఇష్టం, నేను ఇంకెవరి వంశం గురించీ మాట్లాడను. కౌజు సంగతి కనిపెట్టిన యాదయ్య గారి పేరు కూడా ఎక్కడో ఒక చోట వెయ్యి.

తొమ్మిది కొత్త చీటీలు ఈ కవరులో ఉన్నాయి. అక్కడే, ఉమాశ్రీ బల్ల మీదే కూర్చుని రాశాను. ఓబులేసుకి చదువు రాదు, తన పేరు మాత్రం గుర్తుపడతాడు. మొదటి చీటీ అతని చేతికిచ్చాను. ఎడమ చేత్తో దూరంగా పట్టుకుని చూశాడు. పేరు మీద వేలు పెట్టాడు.

"పిట్టల కాడ గూడా రాసినారే" అన్నాడు.

అత్తయ్య